పికప్ ట్రక్కులో పాత హోమ్‌స్టెడ్‌లు, పాడుబడ్డ ఊళ్లు చూసి రావడం ఎలా?

కొలరాడో తూర్పు మైదానాల్లోనో, మోంటానా, డకోటాల్లోనో హైవే మీద వెళ్తుంటే దూరంగా గడ్డి మధ్య ఒంటరి చెక్క ఇల్లు కనిపిస్తుంది. పక్కన రెక్కలు ఊడిన గాలిమర, నాలుగు ఎండిన చెట్లు ఉంటాయి. అక్కడిదాకా వెళ్లొచ్చా, ఎవరినైనా అడగాలా, మన ట్రక్కు సరిపోతుందా అని అమెరికాలో ఉన్న మనవాళ్లు తరచూ అడుగుతుంటారు. వెళ్లొచ్చు. కానీ ఈ పనిలో ముప్పాతిక వంతు ఇంటి దగ్గరే, మ్యాపుల ముందే పూర్తికావాలి. బండి నడపడం ఆ తర్వాతి సంగతి. ఆ ముప్పాతిక వదిలేసి నేరుగా బయల్దేరినవాళ్లే ఎవరి పొలంలోనో దూరి మాట పడతారు, లేదంటే బంకమట్టిలో దిగబడి రాత్రంతా బండిలో కూర్చుంటారు.

నేపథ్యం రెండు ముక్కల్లో. 1862 హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం 160 ఎకరాల్లో ఇల్లు కట్టి, సాగు చేసి, ఐదేళ్లు ఉంటే ఆ నేలకు పట్టా ఇచ్చేవారు. అలా వెలిసిన ఇల్లు, పొలాన్నే హోమ్‌స్టెడ్ అంటారు. వానలు తక్కువ పడే చోట 160 ఎకరాలు చాలవని తేలాక 1909లో 320 ఎకరాలకు, 1916లో పశువుల మేత భూములైతే 640 ఎకరాలకు పెంచారు. మొత్తం మీద దాదాపు 16 లక్షల పట్టాలు, 27 కోట్ల ఎకరాలు ఇలా చేతులు మారాయి. 1930ల కరువులో, దుమ్ము తుఫానుల్లో వేలాది కుటుంబాలు ఇళ్లు వదిలి వెళ్లిపోయాయి. సాగుకు పనికిరాని ఆ భూముల్లో చాలావాటిని ఫెడరల్ ప్రభుత్వమే తిరిగి కొన్నది. 1937 నాటి బ్యాంక్‌హెడ్-జోన్స్ చట్టం ఆ కొనుగోళ్లకు ఊతమిచ్చింది. అలా కొన్న నేలల్లో పెద్ద భాగం 1960లో నేషనల్ గ్రాస్‌ల్యాండ్స్ (ఫారెస్ట్ సర్వీస్ చూసుకునే గడ్డి మైదానాలు) అయింది. ఇప్పుడవి 20 ఉన్నాయి. పాడుబడ్డ హోమ్‌స్టెడ్ ప్రజల భూమి మీదే దొరికే చోట్లు ఇవి కాబట్టి, మీ వెతుకులాట ఇక్కడే మొదలుపెట్టండి.

ఏమేం కావాలి

బండి: కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్న ఫోర్-వీల్ డ్రైవ్ పికప్ చాలు. లిఫ్ట్ కిట్, విన్చ్ లేకపోయినా నష్టం లేదు. డబ్బు పెట్టాల్సింది టైర్ల మీద. కారు తరహా పల్చటి టైర్లు పాత ఇళ్ల చుట్టూ పడి ఉన్న మేకులకు, ముళ్లకంచె ముక్కలకు పక్కగోడ చిరిగిపోతాయి, అక్కడ చిరిగితే పంక్చర్ కిట్ పనిచేయదు. ఎల్‌టీ (లైట్ ట్రక్) రకం ఆల్-టెరైన్ టైర్లు వేయించుకోండి.

బండిలో ఉండాల్సినవి:

- నిండు సైజు స్టెప్నీ, అందులో సరిపడా గాలి. ట్రక్కు కింద వేలాడే స్టెప్నీని దించే గొలుసు తుప్పు పట్టి బిగుసుకుపోతుంటుంది, ఒకసారి ఇంటి దగ్గరే దించి చూడండి
- జాకీ, దాని కింద పెట్టడానికి అడుగు చదరం మందపాటి చెక్క (మెత్తని నేలలో జాకీ ఒక్కటే కూరుకుపోతుంది)
- పంక్చర్ కిట్, 12 వోల్టుల కంప్రెసర్, గాలి కొలిచే గేజ్
- పొడవాటి పార, రెండు ట్రాక్షన్ బోర్డులు (దిగబడిన టైరు కింద పట్టు కోసం పెట్టే గరుకు పలకలు)
- బండి బరువుకు రెండు మూడు రెట్లు తట్టుకునే రికవరీ స్ట్రాప్ (దిగబడిన బండిని లాగే పట్టీ), దాన్ని బండికి తగిలించే రెండు ఇనుప షాకిళ్లు
- ఏబీసీ రకం మంటలార్పే సిలిండర్, విడిగా 5 గాలన్ల నీళ్లు
- తాగడానికి మనిషికి రోజుకు ఒక గాలన్ చొప్పున నీళ్లు, ఇంకో రోజుకు సరిపడా అదనం
- శాటిలైట్‌లో సందేశం పంపే పరికరం. ఐఫోన్ 14, ఆ తర్వాతి మోడళ్లలో శాటిలైట్ ఎస్ఓఎస్ ఉంది. ఐఓఎస్ 18 నుంచి అమెరికాలో వాటితో మామూలు సందేశాలు కూడా శాటిలైట్‌లో పంపొచ్చు. ఆ సౌకర్యం లేని ఫోన్ అయితే ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ పరికరం విడిగా కావాలి
- మడమల పైదాకా వచ్చే బూట్లు, తోలు గ్లవ్స్, చేతికర్ర, ప్రథమ చికిత్స పెట్టె
- అక్టోబరు, నవంబరుల్లో వెళ్తే మెరిసే ఆరెంజ్ రంగు చొక్కా. అది వేట సీజన్

ఇల్లు వదిలే ముందు ఫోన్‌లోకి దించుకోవాల్సినవి: పాత టోపో మ్యాపు (నేల ఎత్తుపల్లాలు, ఇళ్లు, దారులు చూపేది), భూమి ఎవరిదో చూపే మ్యాపు, ఫారెస్ట్ సర్వీస్ రోడ్ల మ్యాపు. సిగ్నల్ దొరుకుతుందన్న నమ్మకంతో ఏదీ వదిలేయకండి.

1. మొదట అనుమతి గొడవ లేని చోటు ఎంచుకోండి

మొదటిసారి వెళ్లేవాళ్లకు మా సలహా: ముందు సంరక్షణలో ఉన్న ఊరొకటి చూసి రండి. పాత పునాది ఎలా ఉంటుందో, నేలమాళిగ గుంట ఎలా కనిపిస్తుందో అక్కడ కళ్లకు అలవాటవుతుంది. మోంటానాలో బ్యానక్ స్టేట్ పార్క్, గార్నెట్ ఊరు ఉన్నాయి. కాలిఫోర్నియాలో బోడీ ఉంది, అక్కడికి చివరి మూడు మైళ్లు మట్టిరోడ్డు. నెబ్రాస్కాలో బీట్రిస్ దగ్గర హోమ్‌స్టెడ్ నేషనల్ హిస్టారికల్ పార్క్ ఉంది. 1863 జనవరి 1న, చట్టం అమల్లోకి వచ్చిన రోజే, దరఖాస్తు పెట్టుకున్న డేనియల్ ఫ్రీమన్ భూమి అదే. కాన్సస్‌లో నికోడిమస్ ఉంది. బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి కుటుంబాలు 1877లో కట్టుకున్న ఊరు. కొలరాడోలో గ్రీలీకి తూర్పున 34వ నంబరు హైవే పక్కనే డియర్‌ఫీల్డ్ కనిపిస్తుంది. ఆలివర్ టూసెంట్ జాక్సన్ 1910లో నల్లజాతి రైతుల కోసం మొదలుపెట్టిన ఊరు అది. మిగిలిన కట్టడాలను రోడ్డు మీంచే చూడండి, లోపలికి దిగకండి.

ఆ తర్వాత సొంతంగా వెతకడానికి కొలరాడోలోని పానీ, కోమాంచీ, వ్యోమింగ్‌లోని థండర్ బేసిన్, దక్షిణ డకోటాలోని బఫెలో గ్యాప్, ఉత్తర డకోటాలోని లిటిల్ మిజోరీ గ్రాస్‌ల్యాండ్స్ బాగుంటాయి. చివరిది పది లక్షల ఎకరాలకు పైనే.

2. పాత మ్యాపు మీద ఇల్లు పట్టుకోండి

యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే సంస్థ) వారి టోపోవ్యూ సైటులో 1880ల నుంచి వచ్చిన టోపో మ్యాపులన్నీ ఉచితం. మీరు ఎంచుకున్న ప్రాంతానికి కనీసం రెండు కాలాల మ్యాపులు దించుకోండి: ఒకటి 1950కి ముందుది, ఇంకొకటి 1960-80ల మధ్యది. పాతదాంట్లో ఉండి కొత్తదాంట్లో మాయమైన ప్రతి నల్ల చుక్కా మీకు పనికొచ్చేదే.

సాధారణంగా నిండుగా నల్లగా ఉన్న చిన్న చదరం మనుషులు ఉండే ఇల్లు, ఖాళీ చదరం కొట్టమో గోదామో. గాలిమర గుర్తు ఉంటే అక్కడ బావి ఉన్నట్టే. జెండా గుర్తుతో బడి, సిలువ గుర్తుతో శ్మశానం కనిపిస్తాయి. బడి ఉన్న చోట చుట్టూ మూడు నాలుగు మైళ్లలో ఇళ్లు ఉండే తీరాలి, పిల్లలు నడిచో గుర్రం మీదో వచ్చేవాళ్లు కదా. కాబట్టి ఒక్క బడి దొరికితే దాని చుట్టూ వెతకండి.

ఆ మ్యాపును కేఎంజెడ్ ఫైలుగా దించి గూగుల్ ఎర్త్‌లో ఇప్పటి ఉపగ్రహ చిత్రం మీద పరవండి. చుక్క ఉన్న చోట తిన్నని గీతలా నాటిన చెట్ల వరస, నేల మీద దీర్ఘచతురస్రపు మచ్చ, ఎటూ పోని రెండు చక్రాల జాడ కనిపిస్తే ఇంకా ఏదో మిగిలి ఉందన్నమాట. అన్నీ దున్నేసిన పొలమైతే ఆ చుక్క వదిలేయండి. పాత ఏరియల్ ఫొటోలు కావాలంటే యూఎస్‌జీఎస్ వారిదే ఎర్త్‌ఎక్స్‌ప్లోరర్ ఉంది.

3. పట్టా చదవండి

బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ వారి జీఎల్‌వో రికార్డ్స్ సైటులో ఫెడరల్ భూమి పట్టాలు లక్షల్లో ఉన్నాయి, చూడటం ఉచితం. రాష్ట్రం, టౌన్‌షిప్, రేంజ్, సెక్షన్ ఇస్తే ఆ సెక్షన్‌లో పట్టాలు ఎవరెవరికి, ఏ చట్టం కింద, ఏ తేదీన వచ్చాయో చూపిస్తుంది.

లెక్క ఇలా ఉంటుంది. టౌన్‌షిప్ అంటే ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు. దాని నంబరు ఉత్తర-దక్షిణాలుగా, రేంజ్ నంబరు తూర్పు-పడమరలుగా అది ఎక్కడుందో చెబుతాయి. అందులో మైలు చదరపు సెక్షన్లు 36. ఒక్కో సెక్షన్ 640 ఎకరాలు, అందులో పావు భాగం 160 ఎకరాలు. సెక్షన్ 1 ఈశాన్య మూలలో ఉంటుంది. అక్కడి నుంచి పడమరకు 6 దాకా లెక్క సాగి, కింది వరసలో మళ్లీ తూర్పుకి తిరుగుతుంది. ఇలా అటూ ఇటూ తిరుగుతూ 36 ఆగ్నేయ మూలకు చేరుతుంది. ప్రతి వరసా ఎడమ నుంచి కుడికే అనుకుంటే మైళ్ల దూరం తప్పిపోతారు.

ఇక్కడ ఎక్కువమంది పొరబడే సంగతులు మూడు.

పట్టా తేదీ అంటే ఇల్లు కట్టిన తేదీ కాదు. అది గడువు పూర్తయ్యాక వచ్చే కాగితం. ఐదేళ్ల గడువును 1912లో మూడేళ్లకు తగ్గించారు. అంచేత 1910లో పట్టా వచ్చిన ఇల్లు 1905 లోపే లేచి ఉంటుంది, 1918 పట్టా అయితే మూడు నుంచి ఐదేళ్లు వెనక్కి వెళ్లండి.

పట్టా మీద హోమ్‌స్టెడ్ అని లేకుండా నగదు అమ్మకం అని ఉన్నంత మాత్రాన అది హోమ్‌స్టెడ్ కాదని తీసిపారేయకండి. గడువు దాకా ఆగలేక కొన్ని నెలలు ఉండి, ఎకరాకు 1.25 డాలర్లు కట్టి ముందే పట్టా తీసుకున్నవాళ్లు చాలామంది. అలాంటివి నగదు పద్దులోనే కనిపిస్తాయి.

రైలు మార్గాల చుట్టుపక్కల బేసి నంబరు సెక్షన్లు రైల్వే కంపెనీలకు ఇచ్చేశారు. యూనియన్ పసిఫిక్‌కైతే ఇరువైపులా 20 మైళ్ల దాకా ఇచ్చారు. అక్కడ సెక్షన్ 15లో ఇల్లు కనిపిస్తే అది రైల్వే దగ్గర కొన్నవారిదై ఉండొచ్చు. వాళ్ల వివరాలు కౌంటీ ఆఫీసులో ఉంటాయి, ఈ సైటులో ఉండవు.

పట్టా దాకా రాకుండానే మధ్యలో వదిలేసి వెళ్లిన వాళ్లూ ఈ సైటులో కనిపించరు. ఇంకా లోతుకు వెళ్లాలనుకుంటే నేషనల్ ఆర్కైవ్స్‌లో ల్యాండ్ ఎంట్రీ ఫైలు తెప్పించుకోండి. రుసుము ఉంటుంది, కానీ అది చదవాల్సిన కాగితమే. పట్టా కోసం రైతు, అతని సాక్షులు ఇచ్చిన వాంగ్మూలం అందులో ఉంటుంది: ఇల్లు ఎన్ని అడుగులకు ఎన్ని అడుగులు, గదులెన్ని, బావి ఎంత లోతు, ఎన్ని ఎకరాలు దున్నారు, ఏ ఏడు పంట పోయింది. ఆ కాగితం చేతిలో పెట్టుకుని పునాది ముందు నిలబడితే ఏ గుంట దేనిదో చెప్పగలుగుతారు.

4. ఇప్పుడు ఆ భూమి ఎవరిదో తేల్చుకోండి

ఇది దాటవేయకూడని మెట్టు. ఓనెక్స్ లాంటి యాప్‌లో గానీ, కౌంటీ అసెసర్ (భూమి పన్ను లెక్కగట్టే ఆఫీసు) సైటులో గానీ ఆ స్థలం చూడండి. గ్రాస్‌ల్యాండ్ అంటే మొత్తం ప్రభుత్వానిదే అనుకోవద్దు. పానీలో ప్రైవేటు, ప్రభుత్వ భూములు గళ్లలా కలిసిపోయి ఉంటాయి. ఒక కంచె దాటితే యజమాని మారిపోతాడు.

ఫెడరల్ భూమి అయితే నడిచి వెళ్లొచ్చు. రాష్ట్ర ట్రస్ట్ భూమి అయితే ఆగండి. చాలా టౌన్‌షిప్‌లలో 16, 36 సెక్షన్లు బడుల ఖర్చు కోసం రాష్ట్రాలకు ఇచ్చినవి. అవి ప్రభుత్వానివే అయినా అందరికీ తెరిచినవి కావు. ఆరిజోనా, న్యూమెక్సికోలలో పర్మిట్ తీసుకోవాలి. కొలరాడోలో ప్రత్యేకంగా తెరిచినవి తప్ప మిగతావాటిలోకి వెళ్లకూడదు.

ప్రైవేటు అయితే అడగాలి. బోర్డు లేదు కాబట్టి పర్వాలేదన్న వాదన నిలవదు. చాలా రాష్ట్రాల్లో బోర్డు లేకపోయినా అతిక్రమణ అతిక్రమణే. టెక్సస్, మిజోరీలలో కంచె గుంజలకు, చెట్లకు ఊదారంగు పట్టీ, మోంటానాలో మెరిసే ఆరెంజ్ రంగు పూస్తే అదే హెచ్చరిక బోర్డుతో సమానం.

అడిగే పద్ధతి: అసెసర్ రికార్డులో పేరు, చిరునామా దొరుకుతాయి. మూడు వారాల ముందు ఒక ఉత్తరం రాయండి. మీరెవరు, ఏ రోజు, ఏ బండి, ఎంతమంది, ఎంతసేపు, ఎందుకు అన్నవి రాసి, వేట కోసం కాదని, ఏదీ తీసుకెళ్లమని, ఇంట్లోకి దూరమని చెప్పండి. నేరుగా రాంచ్‌కి వెళ్తే ఇంటి వాకిట్లో, కనిపించేలా బండి ఆపి, దిగి అక్కడే నిలబడండి. కుక్కల మీదుగా తలుపు దాకా వెళ్లకండి. పొద్దున పనివేళ, చీకటి పడ్డాక వెళ్లొద్దు. కాదంటే థాంక్స్ చెప్పి వచ్చేయండి, బతిమాలొద్దు. అవునంటే ఏ గేటు గుండా రమ్మంటారో, నేల ఎక్కడ మెత్తగా ఉందో, మూయని బావులేమైనా ఉన్నాయో అడగండి. బావుల సంగతి వాళ్లకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

5. దారి, వాన చూసుకోండి

గూగుల్ మ్యాప్స్ గీసిన ప్రతి గీతా రోడ్డు కాదు. ఫారెస్ట్ సర్వీస్ వారి మోటార్ వెహికల్ యూజ్ మ్యాపులో ఉన్న రోడ్ల మీదే బండి నడపాలి. నేల మీద చక్రాల జాడ కనిపించినా ఆ మ్యాపులో లేకపోతే అది మూసినట్టే లెక్క. కొన్ని రోడ్లకు పక్కనే తెరిచి ఉంచే తేదీలు రాసి ఉంటాయి, అవి కూడా చదవండి. రోడ్డు వదిలి గడ్డిలోకి తిప్పడం నేరం. ఇల్లు అర మైలు దూరంలో ఉంటే బండి దారి మీద పెట్టి నడవండి.

ఇక వాన. డకోటాలు, మోంటానా, వ్యోమింగ్‌లో గంబో అనే బంకమట్టి ఉంటుంది. బెంటొనైట్ కలిసిన ఈ మట్టి తడిస్తే మన నల్లరేగడిలా ఉబ్బి టైరు చుట్టూ చుట్టుకుంటుంది. గాళ్లన్నీ నిండిపోయి టైరు నున్నటి రోలర్ అవుతుంది, ఆపైన మడ్‌గార్డు లోపల మట్టి బిగుసుకుని చక్రమే తిరగదు. ఫోర్-వీల్ డ్రైవ్, ఖరీదైన టైర్లు ఇక్కడ ఎందుకూ పనికిరావు. పావు అంగుళం వాన చాలు దారి మూసుకుపోవడానికి. సూచనలో వాన ఉంటే ప్రయాణం మానుకోండి. వాన పడ్డాక కనీసం ఒకటి రెండు రోజులు ఎండ కాయనివ్వండి. మీరు లోపల ఉండగా మబ్బు పడితే ఫొటోలు ఆపి, మొదటి చినుకు పడేలోపే గ్రావెల్ రోడ్డు ఎక్కేయండి.

మంచి కాలం సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు. గడ్డి వాలిపోయి పునాదులు బయటపడతాయి, పాములు తగ్గుతాయి. మార్చి, ఏప్రిల్ మంచు కరిగే బురద కాలం, వద్దు.

బయల్దేరే ముందు దారి మ్యాపు, బండి నంబరు, తిరిగొచ్చే గంట ఒకరికి రాసివ్వండి. ఆ గంటకు రెండు గంటలు దాటితే కౌంటీ షెరిఫ్‌కు ఫోన్ చేయమని స్పష్టంగా చెప్పండి. చివరి బంకులో ట్యాంకు నింపండి, సగానికి వస్తే వెనక్కి తిరగండి.

6. మట్టిదారి మీద నడపడం

తారురోడ్డు అయిపోగానే ఆపి గాలి తగ్గించండి. తలుపు స్టిక్కర్ మీద 35 పీఎస్ఐ ఉంటే గ్రావెల్, గతుకుల దారికి 26-28, వదులు ఇసుకకు 18-20. బరువైన ఈ-రేటెడ్ టైర్లకు స్టిక్కర్ అంకె ఇంకా ఎక్కువ ఉంటుంది, దానికి పాతిక ముప్పై శాతం తగ్గించండి. 15 కంటే దిగితే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడే ప్రమాదం ఉంది. గాలి తగ్గించాక 25 మైళ్ల వేగం దాటకండి. ఫోర్-హైలో (మామూలు వేగానికి ఫోర్-వీల్ డ్రైవ్) పెట్టండి. తారు మీదకు వచ్చాక మళ్లీ టూ-వీల్‌కు మార్చడం మరవొద్దు, లేదంటే ట్రాన్స్‌ఫర్ కేసు మీద భారం పడుతుంది.

గేటు ఎలా ఉంటే అలా వదలండి: మూసి ఉంటే మూసి, తెరిచి ఉంటే తెరిచి. తెరిచి ఉన్న గేటును మంచిపని అనుకుని మూస్తే పశువులు నీళ్లకు దూరమవుతాయి. బండి వెళ్లేదాకా గేటు పట్టుకోవడానికి ఒకరు దిగాలి. తీగతో కట్టిన గేట్లు గుంజకున్న ఉచ్చులోంచి తీస్తే ఎగిరి ముఖానికి తగులుతాయి, గుంజను భుజంతో నొక్కిపట్టి తీయండి.

ఎండిన గడ్డి బండి కింద ఉన్నప్పుడు నిజమైన ప్రమాదం మంట. సైలెన్సర్, కేటలిటిక్ కన్వర్టర్ వేడికి గడ్డి అంటుకుంటుంది. గడ్డి మోకాలెత్తు ఉన్న చోట బండి ఆపొద్దు, ఇంజిన్ ఆన్‌లో ఉంచి నిలబడొద్దు. మధ్యలో గడ్డి పెరిగిన దారిలో ప్రతి పదిహేను నిమిషాలకు దిగి కింద చూడండి. స్కిడ్ ప్లేటు మీద పోగుపడ్డ గడ్డిని కర్రతో లాగేయండి.

దిగబడితే

మొదట యాక్సిలరేటర్ మీంచి కాలు తీయండి. ఇంకొంచెం తొక్కితే వచ్చేస్తుందనుకున్నప్పుడే ఇరుసు నేలకు ఆనుతుంది. తర్వాత ఈ వరసలో చేయండి: టైర్ల ముందూ వెనకా, ఇరుసు కిందా మట్టి పారతో తీయండి. గాలి 16-18కి దించండి. బోర్డులు టైరుకు ఆనేలా, వంపుగా గుచ్చండి. ఫోర్-లోలో (తక్కువ వేగం, ఎక్కువ లాగుడు), రివర్సులో, వచ్చిన జాడ మీదే నెమ్మదిగా వెనక్కి రండి. ముందు ఏముందో తెలియదు, వెనక నేల మిమ్మల్ని మోసిందని తెలుసు. బోర్డు వెనక మనుషులెవరూ నిలబడకూడదు.

ఇంకో బండి లాగుతుంటే ఒక్క మాట. స్ట్రాప్‌ను హిచ్ బాల్‌కు (ట్రైలర్ తగిలించే ఇనుప ఉండ) ఎప్పుడూ తగిలించకండి. ఆ బాల్ విరిగి తూటాలా ఎగిరి మనుషులు చనిపోయిన సంఘటనలు ఉన్నాయి. బాల్ మౌంట్ తీసేసి, రిసీవర్‌లో షాకిల్ మౌంట్ పెట్టి దానికి తగిలించండి, లేదా బండి ఫ్రేముకు బిగించిన కొక్కేలకు. చూసేవాళ్లంతా స్ట్రాప్ పొడవుకు ఒకటిన్నర రెట్లు దూరంలో ఉండాలి.

7. స్థలం దగ్గర

బండిని మట్టి కనిపించే చోట, తిరుగు దిశలో ఆపండి. ఇంటికి వంద అడుగుల లోపలికి తేకండి. మేకులు, గాజు ముక్కలు, పూడిన గుంటలు ఉండేది ఆ వంద అడుగుల్లోనే.

ముందు బావి ఎక్కడుందో తేల్చుకోండి. గాలిమర దిమ్మె, చేతిపంపు, ఇంటికి ఇరవై ముప్పై అడుగుల దూరంలో గుండ్రటి పల్లం, గడ్డి కింద చెక్క పలకలు, రేకు ముక్క: ఇవి బావి గుర్తులు. మూసిన పలకలు పుచ్చిపోయి ఉంటాయి, కుందేలు బరువు మోస్తాయి, మనిషిని మోయవు. ఆ దిక్కున ఇరవై అడుగుల లోపలికి వెళ్లకండి. మిగతా చోట కర్రతో నేల తట్టుకుంటూ, ఒకరి వెనక ఒకరు నడవండి. పిల్లల్ని వదిలేయొద్దు, చెయ్యి పట్టుకుని తిప్పండి.

నేలమాళిగలోకి దిగొద్దు. పైకప్పు దూలాలు ఎప్పుడు కూలేదీ తెలియదు. లోపల గాలి చెడిపోయి ఉండొచ్చు. చలికాలం ముందు రాటిల్ పాములు గుంపుగా చేరేది కూడా అలాంటి చోటే. చెయ్యి కనిపించని చోట పెట్టకండి, పలకలు ఎత్తకండి. పాము కరిస్తే కోయడం, కట్టు బిగించడం, పీల్చడం ఏవీ చేయకుండా, ఉంగరాలు, గడియారం తీసేసి, ఆ మనిషిని కదలనివ్వకుండా ఆసుపత్రికి చేర్చాలి.

ఇంట్లోకి కూడా వెళ్లొద్దనే చెప్తాం. కారణం కూలడం ఒక్కటే కాదు. డీర్ మౌస్ అనే ఎలుకల రెట్ట, మూత్రం ఎండిన ధూళిలో హంటా వైరస్ ఉండొచ్చు. అడుగు వేస్తే లేచే దుమ్ము పీల్చినా సోకుతుంది. ఊపిరితిత్తులకు పాకితే దాదాపు 38 శాతం మంది చనిపోతున్నారని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ లెక్క. లక్షణాలు ఒకటి నుంచి ఎనిమిది వారాల తర్వాత కనిపిస్తాయి, కాబట్టి జ్వరం, ఒళ్లునొప్పులు వస్తే పాత ఇంటికి వెళ్లిన సంగతి డాక్టరుకు మీరే చెప్పాలి. కిటికీలోంచి ఫొటో తీసుకోండి, అంతకన్నా మంచి ఫొటో లోపలికి వెళ్లినా రాదు.

గనుల ఊరైతే సొరంగాల నోళ్ల దగ్గరికే పోకండి. పాత డైనమైట్, డిటొనేటర్లు కనిపిస్తే ముట్టుకోకుండా వెనక్కి వచ్చి షెరిఫ్‌కు చెప్పండి.

8. నేలను చదవండి

ఇల్లు పూర్తిగా పోయినా మొక్కలు ఉంటాయి. మైదానం మధ్యలో లైలాక్ పొద, ఐరిస్ దుబ్బు, రూబార్బ్ ఆకులు కనిపిస్తే అక్కడ ఒక ఆడమనిషి వాకిలి ఉండేది. అవి తమంతట తామే మొలిచేవి కావు. చెట్ల వరస సాధారణంగా ఉత్తరం, పడమర వైపు ఉంటుంది, చలిగాలికి అడ్డం. దాని లోపలి మూలలో ఇల్లు, దానికి కాస్త దూరంలో కొట్టం వెతకండి.

మేకు చూడండి, తీయకండి. నలుచదరంగా, మొనకు సన్నబడుతూ ఉంటే కట్ మేకు. గుండ్రటి తీగ మేకులు 1890ల నుంచి దాన్ని పక్కకు నెట్టాయి. ఊదారంగుకు తిరిగిన గాజు ముక్క మాంగనీసు కలిపిన పాత గాజు, ఎక్కువగా మొదటి ప్రపంచయుద్ధానికి ముందుది. ఏళ్ల ఎండకు ఆ రంగు తేలుతుంది. ఒక్క మేకును పట్టుకుని కాలం తేల్చేయకండి. పాత చెక్కలు, పాత మేకులు తిరిగి వాడటం అక్కడ మామూలే.

ఏదీ జేబులో వేసుకోకండి. ఫెడరల్ భూమి మీద వందేళ్లు దాటిన వస్తువులకు 1979 నాటి ఆర్కియలాజికల్ రిసోర్సెస్ చట్టం వర్తిస్తుంది. మొదటి నేరానికే 10,000 డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు ఉండొచ్చు. నష్టం విలువ 500 డాలర్లు దాటితే ఇది 20,000 డాలర్లు, రెండేళ్లు. 1920ల ముందరి సీసా, డబ్బా అన్నీ ఇప్పుడు ఆ వందేళ్ల లెక్కలోకి వచ్చేశాయి. మెటల్ డిటెక్టర్‌ను అసలు బండిలో తీసుకెళ్లొద్దు. చట్టం మాట అటుంచితే, ఆ గాజు ముక్క ఎక్కడ పడి ఉందో అక్కడ ఉంటేనే వంటిల్లు ఏ వైపో చెబుతుంది. మీ షెల్ఫ్‌లో అది వట్టి గాజు.

9. చూసింది సరైనదేనా?

అక్కడే నిలబడి జీపీఎస్ అక్షాంశ రేఖాంశాలు నమోదు చేసుకోండి. ఇంటికొచ్చాక ఈ నాలుగూ సరిపోల్చండి:

- ఆ బిందువు పట్టాలో రాసిన పావు సెక్షన్ లోపలే పడుతోందా? వంద అడుగులు బయటకు పోయినా అది పక్క పట్టాదారుది కావొచ్చు.
- పాత టోపోలోని చుక్కకు, మీ బిందువుకు దూరం ఎంత? పాత మ్యాపుల్లో చుక్క కాస్త జరిగి ఉండటం మామూలు. పావు మైలు దాటితే మీరు చూసింది వేరే ఇల్లు.
- పునాది కొలత వాంగ్మూలంలోని కొలతతో కలుస్తోందా? 12 అడుగులకు 14 అని ఉన్న చోట 30 అడుగుల పునాది ఉంటే అది తర్వాత వచ్చినవాళ్లు కట్టింది.
- ఇల్లు ఆ పునాది మీద సరిగ్గా కూర్చుందా? ఖాళీ ఇళ్లను గుర్రాలతో, ట్రాక్టర్లతో లాగి ఇంకో చోట పెట్టుకోవడం ఆ రోజుల్లో సర్వసాధారణం. పునాది లేని ఇల్లు, ఇల్లు లేని పునాది పక్కపక్క సెక్షన్లలో కనిపిస్తే రెండూ ఒకటేనేమో చూడండి.

బండి వైపు నుంచి: తారు ఎక్కగానే టైర్లకు గాలి నింపి, నాలుగింటి పక్కగోడలూ చేత్తో తడమండి. కింద గడ్డి తీసేయండి. మరునాడు పొద్దున మళ్లీ గాలి కొలవండి, ఒకదాంట్లో 3 పీఎస్ఐ తగ్గితే మేకు దిగినట్టే. ట్రెడ్ గాళ్లలో వెతికితే తల కనిపిస్తుంది.

ఫొటోలు బయట పెట్టేటప్పుడు ఫైలులోంచి లొకేషన్ తీసేసి, కౌంటీ పేరు దాకానే చెప్పండి. చోటు బయటపడిన ఇళ్లకు చెక్కలు, తలుపులు పీక్కెళ్లేవాళ్లు వస్తారు. భూమి యజమానికి మాత్రం మంచి ఫొటోలు రెండు అచ్చు వేయించి, పట్టా కాపీ జతచేసి పోస్టులో పంపండి. తమ పొలంలోని ఆ ఇల్లు ఎవరిదో చాలామంది రాంచర్లకు తెలియదు. పక్క సెక్షన్‌లో ఇంకో ఇల్లుందని మీకు చెప్పేదీ ఎక్కువగా వాళ్లే.